మూసిన తలుపు వెనక మౌనం

ఆ గది తలుపు మళ్ళీ మూసుకుంది! చేతిలో టీ గ్లాసుల పళ్ళెంతో రుక్మిణమ్మ వరండాలోనే నిలబడిపోయింది. లోపల భర్త శివశంకర్... ఆయనకెదురుగా సంయుక్త అనే ఆ అమ్మాయి! నెల రోజులుగా ప్రతి ఆదివారం అత్తాపూర్ నుంచి స్కూటీ మీద దిగుతోంది. యుద్ధం చేసిన జవాన్ల జ్ఞాపకాలూ, యుద్ధకాలాన్ని భరించిన మామూలు మనుషుల జ్ఞాపకాలూ చెరిగిపోకుండా రికార్డు చేసి దాస్తున్నామని చెప్పింది. మంచిదే! కానీ దానికి తలుపెందుకు మూయాలి?

పెళ్ళయిన కొత్తలోనే ఆయన జవానుగా శ్రీలంక యుద్ధానికి వెళ్ళొచ్చాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆ ఊసెత్తితే "వదిలెయ్ రుక్మిణీ" అన్న మాట తప్ప మరో మాట లేదు. అంతేనా... తను ఏదైనా కష్టం చెప్పుకుంటుంటే మాట మధ్యలోనే లేచి వెనకగదిలోకి వెళ్ళిపోయేవాడు! నా మాటంటే అంత చులకనా అని ఎన్నిసార్లు కొంగుతో కళ్ళొత్తుకుందో! కట్టుకున్న భార్యకు చెప్పనివి ఈ పరాయి పిల్లకు గంటల తరబడి ఎలా చెబుతున్నాడు?

తలుపుకి చెవి ఆనించింది. ఆయన గొంతు సన్నగా వినబడుతోంది... అంతలోనే ఆగిపోయింది. పళ్ళెంలో గాజు గ్లాసులు గలగలమన్నాయి. తన చేతులింతగా వణుకుతున్నాయా! కాసేపటికి మళ్ళీ మాటలు... మళ్ళీ మౌనం! తను గుమ్మం దగ్గరుందని తెలిసే ఆపుతున్నారా?

ప్రహరీ అవతల నుంచి పక్కింటి రేణుకమ్మ తల పైకి లేచింది.

"ఏంది రుక్మిణక్కా, మళ్ళ వచ్చిందా పోరి?"

"రికార్డింగట."

"ఏం రికార్డింగో ఏమో! దాని ముక్కు జర మంచిగ చూసినవా? అచ్చం అన్న ముక్కే! లంకకు పోయొచ్చిండంటివి. గా పోరికి ముప్పై అయిదేండ్లు ఉండవా? ఇగ నువ్వే సోచాయించు."

"ఛ! ఊరుకో రేణుకా!"

"నేనేమన్న అంటున్ననా? ఉత్తగ ముక్కు సంగతి చెప్పిన."

రేణుకమ్మ తల దిగిపోయింది కానీ, ఆ మాట రుక్మిణమ్మ గుండెల్లో ముల్లులా దిగబడిపోయింది. నిజమే అయితే... ఇన్నేళ్ళూ తను ఎవరి వాటా కాపురం చేసినట్టు? ఇక ఆగలేకపోయింది. తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది.

"ఏమండీ! ఈ పిల్ల మీకేమవుతుంది?"

శివశంకర్ నిర్ఘాంతపోయాడు. "ఏం మాటలు రుక్మిణీ అవి!"

"లంకలో ఎవరున్నారు మీకు? నేను గుమ్మంలోకి వచ్చినప్పుడల్లా ఇద్దరూ ఎందుకు నోళ్ళు కట్టేసుకుంటున్నారు? ఆ ముక్కు చూస్తే తెలియడం లేదా!"

సంయుక్త చెయ్యి దానంతటదే ముక్కు మీదికి పోయింది. "అమ్మా... మా నాన్నగారికి తెనాలిలో బట్టల కొట్టుంది. ఈ ముక్కు ఆయనదే. మేం ఆగింది మీకోసం కాదమ్మా, విమానాల కోసం. ఆ మోతలో మాట రికార్డు కాదు. తలుపు మూసిందీ అందుకే."

"విమానమా? ఏ విమానం?"

ఇద్దరూ ఆమెవైపు వింతగా చూశారు. మామిడిపల్లిలో ఇంటి కప్పు మీదుగా పొద్దస్తమానం పోయే విమానాలు! ఎయిర్‌పోర్టు వచ్చిన కొత్తలో ఆమె చెవులు మూసుకునేది. తర్వాత్తర్వాత ఆ మోత గోడగడియారం చప్పుడులా అయిపోయింది... ఎప్పుడో వినబడటమే మానేసింది.

సంయుక్త రికార్డర్ మీట నొక్కింది. శివశంకర్ గొంతు... "హెలికాప్టర్ దిగుతోందని మావాళ్ళంతా ఆశగా పైకి చూశారమ్మా... చుట్టూ నుంచి కాల్పులు... చూసినవాళ్ళు చూసినట్టే పడిపోయారు..." ఆ తర్వాత ఒకటే మోత! ఆ మోత లోపల, పరిగెత్తుకొచ్చిన మనిషిలా ఎవరో రొప్పుతున్నారు.

"ఏమండీ... ఇది మీ ఊపిరా?"

ఆయన తల వంచుకున్నాడు. "నీ చెవులకి అలవాటైపోయింది రుక్మిణీ. నాకు కాలేదు. అది నెత్తి మీదికొస్తే నా చేతులు నా మాట వినవు. నీ ముందు వణకలేక లేచిపోయేవాణ్ణి."

ఆయన మాట మధ్యలో లేచి వెళ్ళిపోయేది... అందుకా! రుక్మిణమ్మ టీ పళ్ళెం పక్కన పెట్టి చాప మీద కూర్చుంది.

"మరి ఎక్కడికైనా పోదామని ఒక్కసారి అనకపోయారా?"

"మీ అమ్మ ఇచ్చిన గొలుసు అమ్మి కొన్న జాగా ఇది. బిందెలు మోసుకొచ్చి ఈ గోడలు తడిపింది నువ్వు. ఎయిర్‌పోర్టు తర్వాత కదా వచ్చింది! ఈ ఇంట్లో నేనుండలేనని ఏ నోటితో చెప్పను? ఇదంతా నీ చెవినపడకూడదనే నువ్వా ఊసెత్తితే వదిలెయ్ అనేవాణ్ణి."

"నేను మిమ్మల్నే అనుమానించానండీ... పాపిష్టిదాన్ని!"

"ఇంతకీ ముక్కు చూసింది నువ్వా, లేక పక్కింటి రేణుకమ్మా?" అన్నాడాయన. ఏడుస్తూనే ఆమెకు నవ్వొచ్చింది.

సంయుక్త రికార్డర్‌ని ఆమె ముందుకు జరిపింది. "ఇవాళ మీరు చెప్పండమ్మా."

"నేనా! నేనేం యుద్ధం చేశానమ్మా?"

"చేసినవాళ్ళవే కాదుగా మేం దాచేది."

శివశంకర్ కుర్చీ దిగి భార్య పక్కన చాప మీద కూర్చున్నాడు. "చెప్పు రుక్మిణీ. నేను మాత్రం నిన్నెప్పుడు అడిగాను?"

ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "ఆ ఏడు ఉత్తరాలు ఆగిపోయాయి... రేడియో పక్కనే పడుకునేదాన్ని. వార్తలు మొదలయ్యే వేళకి మా అత్తగారు వచ్చి నా చేతులు రెండూ పట్టుకునేవారు. ఎవరో వచ్చి నా గాజులు లాక్కుపోతారన్నట్టు... వార్తలయ్యేదాకా వదిలేవారు కాదు..."

చెబుతూనే ఒక చెవి పైకప్పు వైపే ఉంచిన ఆమె, ఉన్నట్టుండి చెయ్యెత్తింది. "ఆగమ్మా... వస్తోంది."

మిగతా ఇద్దరికీ ఇంకా ఏమీ వినబడలేదు. రావిర్యాల వైపు ఎక్కడో సన్నని మోత మొదలైంది. రుక్మిణమ్మ భర్త చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుని గట్టిగా పట్టుకుంది... మోత దగ్గరైంది... కిటికీ అద్దాలు గలగలమన్నాయి... ఆయన వణికాడు. కానీ లేచి వెళ్ళలేదు.