లెంపలేసే బండి

రెండువేల డెబ్భై ఒకటో సంవత్సరంలో, ఒక వేసవి ఉదయం, భీమిలి రోడ్డు మీద డాక్టర్ పద్మలోచన మోటార్ సైకిల్ తగిలి ముంజలమ్మే ఒక ముసలామె పడిపోయింది. బుట్ట ఒకవైపు, మనిషి ఒకవైపు. పద్మలోచన వెంటనే బండి ఆపింది. హ్యాండిల్ పట్టుకున్న అరచేతుల్లోంచి దుఃఖం తన్నుకొచ్చింది. అయ్యో, ఎంత పని చేశానని బండి మీదే కూర్చుని కుమిలి కుమిలి ఏడ్చింది. ఏడుపు తీరాక మనసు తేలికపడింది. బైకర్ల ర్యాలీకి ఆలస్యమవుతోందని కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయింది.

ఇందులో ఎవరికీ వింతేమీ కనిపించేది కాదు. ఆ రోజుల్లో అందరూ అంతే.

ఆ దుఃఖం పుట్టించే యంత్రాన్ని కనిపెట్టింది పద్మలోచనే. దానికి ఆమె పెట్టిన పేరు ‘పశ్చాత్తాప ప్రేరకం’. హ్యాండిల్ పట్టుల్లో సన్నటి ఎలక్ట్రోడ్లు ఉంటాయి. బండి ఎవరికైనా తగిలినా, దెబ్బతిన్న మనిషి పక్కనుంచి పోతున్నా సెన్సర్లు పసిగడతాయి. అరచేతి నాడుల మీదుగా మెదడుకు ఒక సంకేతం వెళుతుంది. తప్పు చేసిన మనిషికి కలగాల్సిన బాధ అప్పటికప్పుడు కలుగుతుంది. గుళ్ళో లెంపలు వేసుకోవడం అలవాటైన జనం దానికి ‘లెంప’ అని పేరు పెట్టేసుకున్నారు. గుద్దేసి పారిపోయేవాళ్ళ బెడద తప్పాలని ఆమె దాన్ని తయారుచేసింది. నిజంగానే తప్పింది. అందరూ ఆగేవారు. పరీక్షల్లో ఆమె చూసింది అదొక్కటే, ఆగారా లేదా అని. ఆగి ఏం చేస్తారో చూడాలని ఆ మహాతల్లికి తోచలేదు.

ర్యాలీలో బళ్ళ పోటీకి ఆమె న్యాయనిర్ణేత. సముద్రం ఒడ్డున ఇసుక మీద బళ్ళన్నీ పెళ్ళికూతుళ్ళలా ముస్తాబై నిలబడ్డాయి. ఏటికొప్పాక బొమ్మల లక్కరంగులు పూసిన ట్యాంకుతో ఒకటి, తెప్ప ముక్కులా ముందుకు సాగిన హెడ్‌లైటుతో ఇంకొకటి. కరెంటు బళ్ళు చప్పుడు చెయ్యవు కనుక, తాతల కాలం నాటి పెట్రోలు బండి మోతను స్పీకర్లలో పెట్టుకుని మురిసిపోతున్నవాళ్ళు కొందరు.

పనసకర్ర ట్యాంకుకు వీణ తీగలు బిగించిన బండి దగ్గర ఆమె ఆగిపోయింది. దాన్ని చేసినవాడు గౌరినాయుడు, బొబ్బిలిలో మెకానిక్కు. బహుమతి ఇతనికే అని ఆమె మనసులో అనుకుంది కూడా. అతను మాత్రం తీగల సంగతి వదిలేసి హ్యాండిల్ చూడమన్నాడు. లెంపను తనే మార్చానని, రెట్టింపు బలం పెట్టానని గర్వంగా చెప్పాడు.

“ఇట్టే ఏడుపొస్తాది, ఇట్టే పోతాది మేడమ్. మామూలు లెంపయితే శానాసేపు పీకుతాది. కుర్రోలకి అంత టైమెక్కడిది?”

పద్మలోచనకు ఒళ్ళు మండింది. అది ఏడిపించడానికి చేసింది కాదని, పడినవాళ్ళను లేవదీస్తారని చేసిందని కసిరింది. గౌరినాయుడు నొచ్చుకోలేదు. నిజంగానే అర్థంకాక అడిగాడు.

“ఏడ్సేసినాక ఇంకేటుంటాది మేడమ్? తవరి కళ్ళూ ఎర్రగున్నాయి. దారిలో ఎవరికైనా తగిలిందా?”

“ఒక ముసలామెకు,” అంది మామూలుగా.

“మరామెకేటైంది?”

  ముసలామె లేచిందో లేదో పద్మలోచన చూడనేలేదు. ఇప్పుడు తన చేతులు ఏ హ్యాండిల్ మీదా లేవు. అయినా బాధ మొదలైంది. ఇది లెంప ఇచ్చే బాధలా వచ్చి పోయేది కాదు, క్షణక్షణానికీ పెరుగుతోంది. సిగ్గుతో ఆమె తలెత్తలేకపోయింది.

ఆమె వాలకం చూసి గౌరినాయుడు జాలిపడ్డాడు. తన బండి హ్యాండిల్ పట్టుకోమని, టెస్ట్ బటన్ నొక్కితే ఇట్టే తేలికపడుతుందని చెప్పాడు. ఆమెకు పట్టుకోవాలనే అనిపించింది. చెయ్యి సగం చాపింది కూడా. చాపినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

వెనక్కి బయల్దేరేముందు చున్నీ చింపి తన బండి పట్టులకు మందంగా చుట్టింది. ఆ గుడ్డ అడ్డం లేకుండా వెళితే ముసలామె దగ్గరకు రాగానే లెంప పనిచేస్తుంది, తను మళ్ళీ ఏడ్చేసి తిరిగి వచ్చేస్తుంది. అలా రానని తనను తను నమ్మలేకపోయింది.

ముసలామె అక్కడే ఉంది. ఎండలో కాలు చాపుకుని కూర్చుంది. మడమ బాగా వాచింది. చిదికిపోయిన ముంజల మీద ఈగలు ముసురుతున్నాయి. రోడ్డు పక్క మట్టి నిండా ర్యాలీకి వెళ్ళిన బళ్ళు ఆగిన గుర్తులు. పద్మలోచన దిగి, పరుగున వెళ్ళి పక్కన కూలబడింది. ఆసుపత్రికి వెళదాం లేవమని చెయ్యి అందించింది.

ముసలామె ఆ చెయ్యి పట్టుకోలేదు.

“మల్లీ వచ్చినావేటి తల్లీ? పొద్దున్న ఏడ్సేసినావు కదా,” అంది. “నీ యెనకాల శానామంది ఆగినారమ్మా. అందరూ మంచోలే, ఎక్కెక్కి ఏడ్సినారు. నువ్వూ ఏడుసుకో, నాను సూత్తుంటాను. అయిపోయినాక ఎల్లిపోదువుగాని.”