ఆఖరి షెడ్డులో ఎర్ర మరక

స్టీరింగక్కకి నలభై మూడేళ్లు. ఏది చేతికిచ్చినా ముందు వాసన చూస్తుంది. పాలు, ఉతికిన బట్టలు, కొత్త చెప్పులు... ఆఖరికి మొగుడి మాట కూడా వాసన చూశాకే నమ్ముతుందని ఆమె కారులో డ్యూటీకి వెళ్లే నర్సులు నవ్వుతారు. ఆ పేరు పెట్టింది వాళ్లే. ఇప్పుడు చెప్పబోయే సంగతి నాకు ఆమే చెప్పింది, కారు నడుపుతూ, రోడ్డు మీంచి కళ్లు తిప్పకుండా.

వాళ్ల వీధి వెనక రేకుల షెడ్లు వరసగా ఉంటాయి. కార్లవాళ్లు అద్దెకి తీసుకుంటారు. వాటిలో ఆఖరిదానికి చెడ్డపేరు. అక్కడ కారు పెడితే తెల్లారేసరికి నేల మీద నెత్తురు ఉంటుందట. చీకటి పడ్డాక పక్క షెడ్డువాళ్లు కూడా అటు తల తిప్పరు.

కారణం కూడా వీధి దగ్గర సిద్ధంగా ఉంది. అక్క భర్తకి ఇది రెండో పెళ్లి. మొదటావిడని అందరూ పెద్దావిడ అంటారు. ఆవిడా కారు నడిపేది, ఆ షెడ్డులోనే పెట్టేది. ఆవిడ కారు కిందా ఎర్రటి మరకలు పడ్డాయి. భయపడి నడపడం మానేసింది. తరువాత గుమ్మం దిగలేదు. ఓ వానాకాలం జ్వరంతో మంచం పట్టి, పోయింది. పోయినావిడ షెడ్డులోకి చేరిందని వీధి తీర్మానించింది. బతికినన్నాళ్లూ నోరెత్తని మనిషికి చచ్చాక ఇంత పని అప్పజెప్పారన్నమాట.

ఇప్పుడు ఆ షెడ్డులో ఉండేది అక్క కారు. వాళ్లమ్మ వాడిన పాతది. క్లచ్చు లేని ఆటోమేటిక్, పెద్దావిడ కారూ అలాంటిదేనట. తెల్లవారుజామున నర్సుల్ని ఎక్కించుకుని ఆసుపత్రిలో దింపడం ఆమె పని.

మొదటిసారి మరక కనబడినప్పుడు అత్తగారు గోడ పట్టుకుని నిలబడిపోయింది. అక్క మాత్రం వంగి, వేలు ముంచి, ముక్కు దగ్గర పెట్టుకుంది.

నెత్తురు కాదు. గేర్‌బాక్స్ నూనె. ఇలాంటి కార్లలో ఎర్రగానే ఉంటుంది. మాడు వాసన కూడా లేదు. అంటే లోపలంతా బాగానే ఉంది, నూనె మాత్రం ఎక్కణ్ణుంచో బయటికి పోతోంది.

ఆ పొద్దునే వంతెన ఎక్కుతుండగా ఇంజిన్ గట్టిగా అరిచింది... కారు కదల్లేదు. మెల్లగా వెనక్కి జారింది. వెనక లారీ. వెనక సీట్లో ముగ్గురు నర్సులు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు. అక్క హ్యాండ్‌బ్రేకు లాగి ఆపింది.

డ్యూటీకి ఆలస్యమైంది. ఇంకోసారి ఇలా జరిగితే వేరే కారు చూసుకుంటామని హెడ్ నర్సు చెప్పేసింది. భర్త మాత్రం ఎంతో ప్రేమగా, హాయిగా ఇంట్లో కూర్చోవచ్చు కదా అన్నాడు. ఆ మాటకి ఏ వాసనా రాలేదట అక్కకి. అదే తప్పయింది అంది.

మెకానిక్ కారు పైకెత్తి చూశాడు. గేర్‌బాక్స్ అడుగున ఉండే తొట్టి విప్పి, నూనె కారకుండా దాని అంచున ఉండే గాస్కెట్ మార్చి, నూనె నింపాడు. నాలుగు రోజులు బాగుంది. మళ్లీ మరక. మళ్లీ చూశాడు. అన్ని నట్లూ బిగువుగా ఉన్నాయి. ఎక్కడా తడి లేదు. అతను గొంతు తగ్గించాడు.

"రోజంతా తిరిగినా చుక్క కారదు. ఆ షెడ్డులో నిలబెడితేనే ఎందుకు కారుతుందమ్మా? ఇది నా పానాకి లొంగే రోగం కాదు."

మరక ఎక్కడ పడుతోందో తెలిస్తే, దానికి సరిగ్గా పైన ఏముందో చూడొచ్చు. కానీ అక్క లేచేలోపే అత్తగారు బకెట్టుతో వెళ్లి నేల కడిగేసేది. పెద్దావిడ రోజుల్లోనూ ఆవిడకి అదే పని. వీధి చూస్తే పరువు పోతుందని. అప్పుడూ ఇప్పుడూ అందరూ మరకని చూసి భయపడ్డారు, తుడిచారు. ఒక్కళ్లూ తలెత్తి పైకి చూడలేదు.

ఆదివారం నర్సుల ట్రిప్పు లేదు. చీకటి పడ్డాక అక్క ఎవరికీ చెప్పకుండా షెడ్డుకి వెళ్లింది. కారు కింద దూరి, కిరసనాయిల్ గుడ్డతో గేర్‌బాక్స్ అంతా తుడిచింది. ఆరాక తన మొహానికి రాసుకునే మల్లెపూల పౌడరు దాని మీద పల్చగా అద్దింది. నూనె ఎక్కడ ఊరితే అక్కడ పౌడరు తడుస్తుంది.

పని అయిపోయింది. బయటికి జరగబోతుంటే...

టక్.

చెవి పక్కనే. ఇనుము మీద గోటితో కొట్టినట్టు.

ఇంజిన్ చల్లారేటప్పుడు ఇనుము చప్పుడు చేస్తుంది, అది ఆమెకి తెలుసు. కానీ ఆ రోజు కారు తియ్యనేలేదు. చెయ్యి పెట్టి చూసింది. చల్లగా, రాయిలా...

టక్... టక్.

టార్చి అటు తిప్పింది. తొట్టి అడుగున నూనె దించే నట్టు. బిగువుగానే ఉందని మెకానిక్ చెప్పాడు కదా అని దానికి పౌడరు అద్దలేదు.

"ఎవరు?" అంది గుసగుసగా.

చప్పుడు ఆగిపోయింది.

"సరే" అని, ఆ నట్టుకీ దాని చుట్టూ పౌడరు అద్దింది. ఇంటికి ఎలా నడిచిందో గుర్తు లేదట.

తెల్లారకముందే అత్తగారి బకెట్టుకన్నా ముందు వెళ్లింది. నేల మీద ఎర్రటి మడుగు. కారు కింద దూరి టార్చి వేసింది. గాస్కెట్ అంచున పౌడరు పొడిగా ఉంది. ఇరుసుల దగ్గర పొడిగా ఉంది. ఆ నట్టు చుట్టూ మాత్రం... వేలిముద్రలు. లావుపాటి వేళ్లు. నట్టు మీద పానా పట్టిన చోట పౌడరంతా రాలిపోయింది.

విప్పి, కాస్త నూనె వదిలి, మళ్లీ జాగ్రత్తగా బిగించేశారు. దెయ్యాలకి పానా తిప్పడం వచ్చని వీధిలో ఎవరూ చెప్పలేదు మరి.

ఇంటికి వచ్చింది. భర్త వంటింట్లో టీ తాగుతున్నాడు. ఆమె అతని చెయ్యి పట్టుకుని, చొక్కా చేతి అంచు ముక్కు దగ్గరికి లాక్కుంది.

మల్లెపూల పౌడరు.

అతనేం తడబడలేదు. గ్లాసు కూడా కింద పెట్టలేదు.

"నీ మంచికే చేశాను. పెద్దది రెండు మరకలకే మానేసి ఇంట్లో కూర్చుంది. నువ్వే మొండిదానివి."

వెనక బకెట్టు నేల మీద పడింది. అత్తగారు. అప్పుడూ ఇప్పుడూ తను కడిగింది ఎవరి పనో ఆవిడకి అప్పుడు తెలిసింది. నీళ్లు గడప దాటి పోతున్నా ఆవిడ కదల్లేదు.

అక్క షెడ్డుకి తిరిగి వెళ్లింది. మాటిమాటికీ విప్పడంతో నట్టు కింది రాగి వాషరు నలిగిపోయింది. కొత్తది వేసి బిగించింది. ఇంజిన్ నడుస్తుండగా కొలపుల్ల మీది గుర్తుదాకా నూనె పోసింది. పోయి నర్సుల్ని ఎక్కించుకుంది. వంతెన మీద కారు జారలేదు. సాయంత్రానికి షెడ్డు తాళం మార్చింది. ఆ తరువాత నేల మీద చుక్క పడలేదు.

"అయితే దెయ్యం లేదన్నమాట" అన్నాను.

అక్క గేరు మీద చెయ్యి పెట్టింది.

"మరి ఆ నట్టు నాకు చూపించిందెవరు? ఆ రాత్రి అక్కడ కిరసనాయిలు, పౌడరు వాసనలే కాదు, ఇంకోటి కూడా ఉంది. నా పక్కనే, పడుకున్నంత దగ్గరగా... చాలా రోజులు జ్వరంతో మంచం మీదున్న మనిషి వాసన."

ఆ ఏడాదే ఆమె విడాకులు తీసుకుని వేరే వీధిలో ఇల్లు తీసుకుంది. షెడ్డు మాత్రం వదల్లేదు. ఇప్పటికీ కారు అక్కడే పెడుతుంది.