ఇప్పలగుంపు దారి

నవగిరి నగరం నడిబొడ్డున, ఎవరినీ తొక్కనివ్వని పార్కు పచ్చికలో జానెడు వెడల్పున నీలం గీత ఒకటి వెలిగింది. జనం చప్పట్లు కొట్టారు.

దాన్ని వెలిగించింది అడుగుజాడ స్కానర్. ఒకేచోట తరతరాలుగా పాదాలు పడితే లోపలి మట్టి గట్టిపడుతుంది. పైన బుల్‌డోజర్‌తో చదును చేసినా దాని బరువు అంతటా సమానంగా పడుతుంది కాబట్టి ఆ జాడ చెరగదు. స్కానర్ దాన్ని పట్టి, పైన లేజర్‌తో గీస్తుంది. ఒకప్పుడు ఇక్కడున్న ఇప్పలగుంపు గూడెం కోయలు ముందు నడిచే పెద్దల అడుగులోనే అడుగు వేసేవారట. అందుకే ఇంత స్పష్టంగా వచ్చిందని, యంత్రం కనిపెట్టిన డాక్టర్ ఇందుమతి మురిసిపోయింది.

ముప్పై ఏళ్ల కిందట ఆ గూడేన్ని ఖాళీ చేయించి కట్టిన నగరమిది. తప్పు ఒప్పుకుంటూ ఈ ఏడు నుంచి ఏటేటా క్షమాపణ నడక పెట్టారు. గోడ పొడుగునా కోయ బొమ్మలు వేయించారు. బొమ్మలు బాగానే ఉన్నాయి, కాదనను.

పునరావాస కాలనీ నుంచి వచ్చినవాళ్లలో మడకం జోగమ్మ అందరికన్నా పెద్దది. ఊరు పోవడానికి కొన్ని నెలల ముందే ఆమె కూతురు జ్వరంతో పోయింది. పోయినవాళ్లకు రాయి నిలబెట్టడం వాళ్ల ఆచారం. ఆ పిల్ల రాయి ఈ దారి చివరే ఉండేది. చదును చేశాక చోటు ఎవరికీ తెలియలేదు.

జోగమ్మ కొంగున ఇప్పపూలు కట్టుకుని, చెప్పులు విడిచి, గీత మీద కాలు పెట్టబోయింది. ఇందుమతి చెయ్యి అడ్డం పెట్టింది.

"తొక్కకండవ్వా! కొత్త అడుగు పడితే పాత జాడ కలిసిపోతుంది. ఇక యంత్రానికి దొరకదు. నడక అటు, బొమ్మల గోడ పక్కన."

"తొక్కితేనే గదా బిడ్డా ఇది దారైంది?"

"పరిశోధన పూర్తి కావాలి. ఓ పదేళ్లు ఆగితే..."

"నాకు ఎనభై రెండేళ్లు. నా పిల్ల దగ్గరికి పోనీకి పదేళ్లు ఆగాల్నా?"

ఇందుమతికి సిగ్గేసింది. చెయ్యి మాత్రం తియ్యలేదు.

జోగమ్మ ఆ చెయ్యి కింద నుంచి వంగి దాటింది. ఆమె అడుగులో అడుగేస్తూ కాలనీవాళ్లు కదిలారు. వాళ్లు దాటినచోటల్లా గీత ఆరిపోయింది. ఫౌంటెన్ పక్కన పూలమడి దగ్గర ఆఖరి ముక్క కూడా ఆరింది. జోగమ్మ అక్కడ పూలు పోసి, పిల్లను పేరుపెట్టి పిలిచి ఏడ్చింది.

ఆదివాసీ చరిత్రను ధ్వంసం చేసిందని ఆమె మీద కేసు రాశారు. సాక్షి సంతకం ఇందుమతిది. గీతను చూస్తూ నడిచింది జోగమ్మ, వెనకవాళ్లు చూసింది ఆమె అడుగులనే; వచ్చే ఏడు నడకకు ఆ దారి చూపించగలిగేది ఇక ఆమె ఒక్కతే. కేసు తేలేదాకా ఆమెను పార్కులోకి రానివ్వకూడదని ఆ కాగితంలోనే రాసి ఉంది.