నూట ఎనభై ఆరు ఊఁలు

అబద్ధమాడాలని చిట్టి విమానం దిగలేదు. నిజం చెప్పడానికి దారంతా మాటలు కూర్చుకుంటూనే వచ్చింది. కంపెనీలో తన టీమ్ మొత్తాన్ని ఒకే రోజు తీసేశారని, ఐదు నెలలు కాళ్ళరిగేలా తిరిగినా ఇంకో ఉద్యోగం దొరకలేదని, వీసా గడువు అయిపోయి వచ్చేశానని. కానీ బయట అన్నయ్య కొత్త చొక్కా వేసుకుని, మునివేళ్ళ మీద లేచి మరీ చెల్లెలి కోసం వెతుకుతున్నాడు. పెట్టె అందుకుంటూ, "ఎన్నాళ్ళు సెలవు?" అని అడిగాడు. ఆ మొహం చూశాక కూర్చుకున్న మాటల్లో ఒక్కటీ నోటికి రాలేదు.

"రెండు నెలలు," అంది.

ఆ రెండు నెలలే మెడకు చుట్టుకున్నాయి. సాయంత్రానికల్లా వదిన వీధి వీధంతా చెప్పేసింది. అన్నయ్య తన గది ఖాళీ చేసి ఇచ్చి, పాత ఫ్యాను చప్పుడు చేస్తోందని కొత్తది బిగించాడు. ఆ ఫ్యాను కింద పడుకున్నంత సేపూ చిట్టికి ఒళ్ళంతా సిగ్గుతో కాలిపోయేది. ఇంట్లో ఊరికే కూర్చుంటే ఎక్కడ దొరికిపోతానోనని, సెలవులోనూ కాస్త ఆన్‌లైన్ పని తప్పదని, పిల్లల గోలలో కుదరదు కనుక లైబ్రరీలో కూర్చుంటానని ఇంకో అబద్ధం అతికించింది. రోజూ తొమ్మిదిన్నరకి లాప్‌టాప్ బ్యాగు భుజాన వేసుకుని బయల్దేరేది. లాప్‌టాప్‌ని కంపెనీ వాళ్ళు ఎప్పుడో లాగేసుకున్నారు. బ్యాగులో ఉండేది టిఫిన్ బాక్సు, నీళ్ళ సీసా. మరీ తేలిగ్గా ఊగుతోందని పాత డిక్షనరీ ఒకటి కూడా పడేసుకుంది.

నాలుగో రోజు లైబ్రరీ అద్దాల తలుపు మీద ఓ కాగితం కనిపించింది. లైబ్రరీ కొత్త భవనంలోకి మారుతోంది, పుస్తకాల తనిఖీకి ఆరు వారాల పాటు తాత్కాలికంగా ఒక మనిషి కావాలి. చిట్టి ఆ కాగితం ముందు నుంచి మూడుసార్లు అటూ ఇటూ నడిచింది. నాలుగోసారి లోపలికి వెళ్ళింది.

లైబ్రేరియన్ అంటే తెల్లజుట్టు, కళ్ళజోడు ఉంటాయనుకుంది. ముప్ఫై కూడా నిండని మనిషి నిచ్చెన మీద కూర్చుని దుమ్ముకి తుమ్ముతున్నాడు. కిందికి దిగి ఆమె సర్టిఫికెట్లు చూశాడు. ఒకసారి కాగితాల వంక, ఒకసారి ఆమె వంక చూశాడు.

"ఈ పనికి ఇంత చదువు అక్కర్లేదండీ. నంబర్లు వస్తే చాలు."

"నాకు నంబర్లు వచ్చండీ."

"ఎంత దాకా వచ్చు?"

"మీరు ఎంత దాకా లెక్కపెట్టగలిగితే అంత దాకా."

అతను నవ్వాపుకున్నాడు. చిట్టికి మాత్రం చెవులు ఎర్రబడ్డాయి. అంతంత చదువులు చదివి, ఆరు వారాల టిక్కుల ఉద్యోగం కోసం దెబ్బలాడుతున్నానే అనిపించింది. కాగితాల్లో విదేశీ ఉద్యోగం సంగతి చూసి, మధ్యలో విమానం ఎక్కేస్తే తన పని ఆగిపోతుందని అతనన్నాడు. ఇంకా ఎనిమిది వారాల సెలవు ఉందని, ఊరికే కాలక్షేపానికి చేద్దామనుకుంటున్నానని అబద్ధం పక్కన మరో అబద్ధం పేర్చింది. అతను వేళ్ళ మీద ఏదో లెక్కవేసుకుని, రేపటి నుంచి రమ్మన్నాడు.

పని తీరు ఇలా ఉండేది. అతను ర్యాకుల మధ్య సందులో నిలబడి ఒక్కో పుస్తకం తీసి, లోపలున్న నంబరు పైకి చదివేవాడు. సందు మొదట్లో బల్ల దగ్గర చిట్టి పెద్ద రిజిస్టర్లో ఆ నంబరు వెతికి టిక్కు పెట్టి, "ఊఁ" అనేది. ఊఁ వినబడితే అతను పుస్తకాన్ని అట్టపెట్టెలో పడేసి ఇంకోటి తీసేవాడు. పెట్టె నిండగానే టేపు వేసి సీలు. కథ వింటున్న చిన్నపిల్లలా రోజంతా ఊఁ కొట్టడమే చిట్టి ఉద్యోగం.

ఒకరి మొహం ఒకరికి కనబడదు. నాలుగు రోజులయ్యేసరికి గొంతుని బట్టే ఒకరి సంగతి ఒకరికి తెలిసిపోయేది. ఊఁ ఆలస్యమైతే, "నిద్రా, దిగులా?" అని ర్యాకు వెనక నుంచి అడిగేవాడు. అతని గొంతు బొంగురుపోతే చిట్టి నీళ్ళ సీసా పుస్తకాల సందులోంచి అటు తోసేది. మధ్యాహ్నం టిఫిన్ బాక్సులు తెరిచేటప్పుడు అతను ఎప్పుడూ ఒకే మాట అనేవాడు, ఇంకా ముప్ఫై ఒక్క రోజులు, ఇంకా ఇరవై ఆరు రోజులు అని. తన సెలవు ఎప్పుడు అయిపోతుందా అని ఎదురుచూస్తున్నాడనుకుంది చిట్టి. అంత విసిగించానా అని లోలోపల ఉడుక్కునేది. అతను బాగుంటాడని, నవ్వితే ఇంకా బాగుంటాడని గమనించి కూడా, అబద్ధాల బ్యాగు మోసేదానికి అలాంటి ఆలోచనలు దేనికని తనని తనే తిట్టుకునేది.

నాలుగో వారంలో ఒకరోజు మధ్యాహ్నం ఆకాశానికి చిల్లు పడినట్టు వాన. ఏడో ర్యాకు మొదలుపెట్టబోతున్నారు. చిట్టి తల ఎత్తేసరికి హాలు గుమ్మంలో అన్నయ్య. సగం తడిసిన చొక్కా, చంకలో చిట్టి గొడుగు. ఆ గొడుగు తడవకుండా, తాను తడుస్తూ పట్టుకొచ్చాడు.

చిట్టి ఆలోచించలేదు. కుర్చీలోంచి జారి, ఆరో ర్యాకుకీ ఏడో ర్యాకుకీ మధ్య నేల మీద ముడుచుకుని కూర్చుంది. రిజిస్టరు, పెన్ను బల్ల మీదే ఉండిపోయాయి. అన్నయ్య అంతా ఒకసారి చూసి, చెల్లెలు మేడ మీద గదిలో ఉందనుకున్నాడో ఏమో, వాన తగ్గేదాకా పేపరు చదువుకుంటూ హాల్లో కూర్చున్నాడు.

ర్యాకుకి అవతలి పక్క నుంచి లైబ్రేరియన్ మొదటి నంబరు చదివాడు. ఊఁ వినబడకపోతే బయటికొస్తాడు. వస్తే పిలుస్తాడు. పిలిస్తే అన్నయ్య లేచొస్తాడు. చిట్టి మెల్లగా, "ఊఁ" అంది. అతను ఇంకోటి చదివాడు. ఇంకో ఊఁ. పెన్ను లేదు, రిజిస్టరు లేదు, టిక్కు లేదు. అరగంట సేపు మోకాళ్ళలో మొహం పెట్టుకుని ఊఁ కొడుతూనే ఉంది. ర్యాకు ఖాళీ అయింది, నాలుగు పెట్టెలకు సీలు పడింది. వాన వెలిసింది. అన్నయ్య గొడుగు కిటికీకి తగిలించి వెళ్ళిపోయాడు.

నంబర్లు మళ్ళీ చదవమని అప్పుడే అడిగితే సరిపోయేది. ఎందుకని అతను అడుగుతాడు. ఆ ఎందుకుకి జవాబు చెప్పలేక, రేపు చెబుదామనుకుంది. మర్నాడు పొద్దున్నే వ్యాను వచ్చి పెట్టెలు పట్టుకుపోయింది. ఇక అందరికీ ఒకేసారి తెలిసేదాకా నోరు విప్పలేదు. సిగ్గు మనిషిని ఎంత పిరికిదాన్ని చేస్తుందో ఆ రెండు వారాల్లో చిట్టికి బాగా తెలిసింది.

ఆరో వారం శనివారం తనిఖీ ఆఫీసరు వచ్చాడు. రిజిస్టరు పేజీలు తిప్పుతూ ఒకచోట ఆగాడు. నూట ఎనభై ఆరు పుస్తకాలకు టిక్కుల్లేవు. పుస్తకాలు పోయినట్టే లెక్క. లైబ్రేరియన్ వైపు తిరిగి, ప్రొబేషన్లో ఉన్న మనిషివి, ఇలా అయితే నిన్ను పర్మనెంట్ చేయమని నేనెలా రాస్తాను, మెమో ఇవ్వక తప్పదు అన్నాడు. తనిఖీలో పక్కన ఉన్నదెవరని అడిగాడు.

లైబ్రేరియన్ చిట్టి వైపు చూడకుండానే జవాబిచ్చాడు.

"ఆవిడ ఒక్క ఊఁ కూడా తప్పలేదు సార్. నేనే నంబర్లు సరిగ్గా చదివి ఉండను. తప్పు నాదే అని రాయండి."

తిట్టినా ఇంత సిగ్గేసేది కాదు. చిట్టి ముందుకొచ్చింది.

"పుస్తకాలు పోలేదండీ. నేను టిక్కు పెట్టలేదు, అంతే. ఆ రోజు మా అన్నయ్య వచ్చాడు. వాడికి కనబడకూడదని ర్యాకు వెనక దాక్కుని ఊరికే ఊఁ కొట్టాను."

"సొంత అన్నయ్యకి కనబడకుండా దాక్కోవడం ఏమిటమ్మా?"

"నేను సెలవు మీద వచ్చాననుకుంటున్నాడు. సెలవు లేదు, ఉద్యోగమూ లేదు. అది పోయింది, వీసా అయిపోయింది. నేనింక తిరిగి వెళ్ళేది లేదండీ. ఇక్కడ పని చేస్తున్నానని వాడికి తెలియదు." చెబుతూ చెబుతూనే కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి.

ఆఫీసరు కాసేపు పెన్ను మూత పెడుతూ తీస్తూ కూర్చున్నాడు. కొత్త భవనంలో మూడొందల పెట్టెలున్నాయని, సోమవారం లోపల ఆ నాలుగూ వెతికి టిక్కులు పెడితే మెమో మాట మరిచిపోతానని చెప్పి లేచాడు. లైబ్రేరియన్ మాత్రం ఒక్క మాటా అనకుండా వరండాలోకి వెళ్ళిపోయాడు. చిట్టి చాలాసేపు చూసింది, తిరిగి రాలేదు. ఇక ఈ జన్మకి తనతో మాట్లాడడనుకుని ఇంటికి బయల్దేరింది.

ఆ సాయంత్రమే అన్నయ్యకి చెప్పేసింది. అన్నయ్య పిల్లవాడి చెప్పుకి తెగిన పట్టీ కుడుతూ అంతా విన్నాడు. ఉద్యోగం పోయిందన్నప్పుడు సూది ఆగలేదు. ర్యాకు వెనక సంగతి చెప్పినప్పుడు ఆగింది.

"నేను పేపరు చదువుతున్నంతసేపూ నువ్వు నేల మీద కూర్చున్నావా?"

చిట్టి తలూపింది.

"నేనంత భయపెట్టేవాడినా చిట్టీ?"

అన్నయ్య కోప్పడి ఉంటే బాగుండేదనిపించింది చిట్టికి. ఆ రాత్రి అన్నయ్య సరిగ్గా అన్నం తినలేదు. వదిన కూడా వీధిలోకి వెళ్ళకుండా, చిట్టి కంచంలో అన్నం మాత్రం రెండోసారి వడ్డించి ఊరుకుంది. పొద్దున్న చిట్టి లేచేసరికి అన్నయ్య పాత చొక్కా తొడుక్కుని గుమ్మంలో ఉన్నాడు. "పద. పెట్టెలు మోయడానికి మనిషి కావాలిగా," అన్నాడు.

కొత్త భవనం పై అంతస్తులో పెట్టెలు గోడలా పేర్చి ఉన్నాయి. లైబ్రేరియన్ అప్పటికే వచ్చి ఉన్నాడు. అన్నయ్యకి నమస్కారం పెట్టాడు, చిట్టి వైపు చూడలేదు. ముగ్గురూ కలిసి పెట్టెలు దించారు. మధ్యాహ్నానికి, మీద ఏడో ర్యాకు అని రాసి ఉన్నవి మూడు దొరికాయి. వాటిలో పుస్తకాలకు అతను నంబర్లు చదివాడు, చిట్టి ఈసారి ఒక్కోటీ వేలు పెట్టి చూసి మరీ టిక్కు పెట్టింది. దారికి అడ్డంగా ఉన్న పెట్టెల్ని అన్నయ్య ఒక్కొక్కటే కింది అంతస్తుకి దించుతున్నాడు.

ఇద్దరే మిగిలినప్పుడు చిట్టి ఇక ఉండబట్టలేకపోయింది. తన వల్ల అతని ఉద్యోగం మీదికి వచ్చిందని, క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లడం లేదని చెప్పింది. నిన్నటి నుంచి తనతో మాట్లాడకపోవడం న్యాయమేనంది.

"మాట్లాడనిది కోపం వచ్చి కాదండీ. సిగ్గేసి."

"మీకెందుకు సిగ్గు?"

అతను చేతిలోని టేపు ముక్కని వేలికి చుట్టుకుంటూ నేల వైపు చూశాడు.

"నిన్న మీరు అలా కన్నీళ్ళు పెట్టుకుని, నేనింక తిరిగి వెళ్ళేది లేదు అంటుంటే నాకు సంతోషం పట్టలేదు. మొహంలో కనిపించేస్తుందని వరండాలోకి పారిపోయాను. ఒక మనిషి ఉద్యోగం పోయిందని విని ఇంత సంతోషపడ్డానే, నేనేం మనిషినని రాత్రంతా అదే ఆలోచన."

చిట్టికి అర్థం కావడానికి కాస్త టైమ్ పట్టింది.

"మరి రోజూ రోజులు లెక్కపెట్టేవారుగా, నేనెప్పుడు వెళ్తానా అని?"

"ఎప్పుడు వెళ్తారా అని కాదు. వెళ్ళిపోతారే అని. రెండు నెలల్లో విమానం ఎక్కేసే మనిషికి ఏం చెప్పమంటారు?"

చిట్టి నవ్వబోయింది, ఏడుపు వచ్చింది, రెండూ కలిసి వింత చప్పుడొకటి బయటపడింది. రేపటి నుంచి తనకి ఈ టిక్కుల పని కూడా ఉండదని గుర్తు చేసింది. సంపాదన లేకుండా ఎవరికీ ఏ మాటా ఇవ్వనని, తనకి తన కాళ్ళ మీద నిలబడాలని ఉందని చెప్పింది.

"నిలబడండి. నేను ఏ మాటా అడగలేదుగా," అన్నాడతను. "మీరెక్కడికీ వెళ్ళరు. ప్రస్తుతానికి నాకది చాలు. ఇదుగో, మళ్ళీ సంతోషం వచ్చేస్తోంది. ఏమీ అనుకోకండి."

మెట్ల మీద అన్నయ్య అడుగుల చప్పుడు వినబడింది. చిట్టి పాదాలు అలవాటుగా పెట్టెల వెనక్కి కదలబోయాయి. కదలనివ్వలేదు. చెమట తుడుచుకుంటూ పైకొచ్చిన అన్నయ్య, చెల్లెలి తడి కళ్ళనీ, లైబ్రేరియన్ వేలికి చుట్టుకుపోయిన టేపునీ మార్చి మార్చి చూశాడు.

"అన్నయ్యా, నీకింకో మాట చెప్పాలి," అంది చిట్టి. "ఈసారి ఆలస్యం చేయడం లేదు. ఇది నాకే ఐదు నిమిషాల క్రితం తెలిసింది."

అన్నయ్య, అడ్డం తీసిన చోట బయటపడ్డ నాలుగో పెట్టెని లాక్కుని దాని మీద తీరిగ్గా కూర్చుని, "చెప్పు," అన్నాడు.

ఆ మాటతో లైబ్రేరియన్ మెల్లగా పెట్టెల గోడ వెనక్కి తప్పుకోబోయాడు. చిట్టి అతని చెయ్యి పట్టుకుని ఆపింది.