ప్రకటన కనబడితే ప్రాణం పోతుంది

సెమరాంగ్‌లో టీ కొట్టు ముందు కూర్చున్న రుస్మాజీ తన ఫోన్‌లో చివరిసారి చూసింది ఒక బూట్ల ప్రకటన. ఊళ్ళో మరెవరికీ అది కనబడలేదు. అతని ఒక్కడి కోసమే కొన్నారు. అది తెర మీదికి రాగానే ఫోన్ ఎక్కడుందో సముద్రం అవతలి ముఠాకి తెలిసిపోయింది. టీ చల్లారకముందే మోటార్‌సైకిల్ మీద ఇద్దరు వచ్చి కాల్చి వెళ్ళిపోయారు.

ఆ ప్రకటన కొనిపెట్టిన జాత్మికో జకార్తాలో లొంగిపోయాడు. అది ఎందుకు కొనమన్నారో తనకు తెలియదన్నాడు. రేపు కోర్టులో సాక్ష్యం చెప్పాలి. ఇప్పుడు ముఠా ప్రకటన కొంటున్నది అతని ఫోన్ కోసం.

"ఫోన్ లాక్కుంటే పోలా?" అంది పోలీసు ఏజెంట్ వెనింగ్.

"అది మూగబోతే వాళ్ళకి అనుమానం వస్తుంది. అంతా చెరిపేసి పారిపోతారు. రేపు జడ్జి ముందు తెరిచేదాకా మామూలుగా పనిచెయ్యాలి. ప్రకటన మాత్రం ఒక్కటీ రాకూడదు," అన్నాడు చీఫ్ హుతగలుంగ్. "సెలీనా, చెప్పమ్మా."

సైబర్ విభాగం సెలీనా లేచింది. పట్టు బతిక్ అద్దకం బట్టలు, ముత్యాల కమ్మలు. ఆమె నడిస్తే ఆఫీసులో టైపు చేసే చేతులు ఆగిపోయేవి.

"మూడు రకాల బ్లాకర్లున్నాయి. ఒకటి బ్రౌజర్‌కి తగిలించేది. ప్రకటనల్ని చక్కగా ఏరేస్తుంది, కానీ బ్రౌజర్ లోపలే. వేరే యాప్‌ల జోలికి పోదు. రెండోది ఇంటి వైఫై పెట్టెలో పెట్టేది. ప్రకటనలు పంపే చిరునామాలనే గుమ్మంలో ఆపేస్తుంది. గుమ్మం దాటితే దిక్కులేదు. ఒక్కోసారి మంచి యాప్‌లూ మొరాయిస్తాయి."

"మూడోది?"

"ఫోన్‌లోనే కూర్చుని, వచ్చేదీ పోయేదీ అంతా తన గుండా పోనిచ్చేది. ఎక్కడికెళ్ళినా కాపాడుతుంది. నా ఓటు దానికే అక్కా."

"అంటే అతని గుట్టంతా ఆ యాప్ చేసినవాడి చేతిలో పెట్టాలి," అంది వెనింగ్.

"నీకు ఎవరి మీదా నమ్మకం ఉండదు కదా!" సెలీనా నవ్వింది. "అందుకేనేమో మొగుడు కూడా నిలవలేదు."

చీఫ్ దగ్గాడు. ఆ మొగుడు జాత్మికోయేనని ఆ గదిలో అందరికీ తెలుసు.

"మొదటిదీ, రెండోదీ పెట్టండి. అతన్ని దాచిన ఇల్లెక్కడో నాకూ చీఫ్‌కీ తప్ప తెలియకూడదు. సెలీనా అతనికి మెసేజ్‌లో సాయం చేస్తే చాలు," అంది వెనింగ్.

ఉపవాస మాసం. సాయంత్రం జకార్తాలోని తెబెత్ పేటలో, ఆ ఇల్లున్న సందు చివర వెనింగ్ తలకి ముసుగు చుట్టుకుని, కొబ్బరిపాలలో ఉడికిన అరటిముక్కల కొలక్ అమ్ముతోంది. మఫ్టీలో ఉన్న కానిస్టేబుల్ వచ్చాడు.

"పనసతొనలు వేశారా పిన్నీ?"

"ఈ ఏడు పనసకి రుచి లేదు బాబూ."

కోడ్ సరిపోయింది. అతను గొంతు తగ్గించాడు. "మలుపులో ఇద్దరు బండి దిగకుండా కూర్చున్నారు. టవర్ సిగ్నల్ బట్టి పేట కనిపెట్టినట్టున్నారు, ఇల్లే తెలియలేదు."

"మనవాళ్ళని వాళ్ళ వెనక్కి చేర్చు. వెళ్ళు."

అప్పుడే ఆ ఇంటి గేటు తెరుచుకుంది. జాత్మికో ఫోన్ పైకెత్తి పట్టుకుని ఆమె దాకా నడిచొచ్చాడు.

"నువ్వా వెనింగ్! కొలక్ అమ్ముతున్నావా? తీపి సరిగ్గా వేశావా, లేక ఎప్పట్లాగేనా?"

"మీరు బయటికెందుకొచ్చారు?"

"నమాజు వేళలు చెప్పే యాప్ లోపల తెరుచుకోవడం లేదు. గేటు దాటి చూడమని మీ సెలీనా మెసేజ్ పెట్టింది. ప్రకటనల భయం లేదులే, బ్లాకర్ ఉందిగా."

"అది బ్రౌజర్‌కి! యాప్‌కి కాదు! మసీదు మైకు వినబడదా మీకు?"

"ముందే తొందరపడి పిలుస్తారేమోనని... యాప్ చూడందే నేను నోట్లో ఏదీ వేసుకోనని నీకు తెలుసుగా."

"ఎవరి చావుకి ప్రకటన కొంటున్నారో చూడరు. ఉపవాసం విడిచి ఖర్జూరం వేసుకునే నిమిషం మాత్రం చూస్తారు."

అతను ఫోన్ వంక చూసుకున్నాడు. తెర మీద చిన్న గుండ్రం తిరుగుతోంది. వెనింగ్ ఫోన్ లాక్కుని మొబైల్ డేటా ఆపేసింది. గుండ్రం ఆగింది. ప్రకటన రావలసిన చోట తెల్లటి ఖాళీ మిగిలింది. మరుక్షణమే మసీదు మైకు పలికింది. మలుపులో బండి మీదివాళ్ళని పోలీసులు కిందికి లాగేశారు.

ఆమె చీఫ్‌కి ఫోన్ చేసింది. "సెలీనా ఎక్కడ సార్?"

"నా పక్కనే, ఖర్జూరం తింటోంది."

"తిననివ్వండి. తర్వాత బేడీలు వెయ్యండి."

మర్నాడు జాత్మికో సాక్ష్యం చెప్పాడు. ఫోన్ తెరిచి చూపించాడు. ఆ సాయంత్రమే అతనికి కొత్త పేరు పెట్టి ఏదో దీవికి పంపేశారు. ఏ దీవో వెనింగ్‌కి చెప్పలేదు. చెప్పకూడదన్న నియమం రాసింది ఆమే. కారెక్కేముందు అతను, "భోంచేశావా?" అని అడిగాడు. ఆమె తల ఊపింది. భోంచెయ్యలేదు.

ఉపవాసాలు ముగిసే పండగ ముందు ఆమె ఫోన్‌లో ఒక ప్రకటన వచ్చింది. ఊరెళ్ళే రైలుకి ఇద్దరు కలిసి టికెట్లు కొంటే రాయితీ అట. బ్లాకర్ పెట్టుకోరాదా అని కానిస్టేబుల్ అడిగాడు.

"నాకెందుకయ్యా? నన్ను వెతికేవాళ్ళెవరున్నారు?" అంది వెనింగ్.