దిష్టిబొమ్మ కోటు

"మంచు బట్టలు కావాలండీ," అంది ఆ అమ్మాయి.

నిత్యానందం నుదుటి మీద చెమట తుడుచుకుని ఆమెను ఎగాదిగా చూశాడు. నవంబరు వచ్చేసింది. ఏలూరు ఎండకు మాత్రం ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

"మన ఊళ్ళో మంచు ఇంకా పడలేదండి. పడగానే కబురు పెడతాను."

"వేళాకోళమా? మీరు మాస్టారేనా అసలు?"

"డ్రిల్లు మాస్టార్నండి. వేళాకోళానికి వేరే జీతం లేదు."

అలా, తగవుతోనే మొదలైంది వాళ్ళ పరిచయం.

మిషన్ స్కూలు వెనక గదిలో ఉన్న చెక్కపెట్టెలకు నిత్యానందమే కాపలా. చలిదేశాల్లోని దొరసానులు, ఏలూరు బీదలు చలికి వణికిపోతున్నారనుకుని జాలిపడి, ఏటా పాత ఉన్ని కోట్లూ మేజోళ్ళూ మఫ్లర్లూ పెట్టెల నిండా కూరి పంపేవారు. అవి సరిగ్గా మే నెలలో వచ్చి దిగేవి. అంత ప్రేమను కాదనలేక ఊళ్ళో జనం మేజోళ్ళతో సున్నం వడగట్టుకున్నారు, మఫ్లర్లతో దూడల్ని కట్టేశారు. మిగిలినవాటిని స్కూలు ఖర్చుల కోసం కారుచవకగా అమ్మే పని నిత్యానందానికి పడింది. నాలుగేళ్ళలో ఒక్కడంటే ఒక్కడు కోటు కావాలని రాలేదు.

ఇప్పుడొచ్చిన ఈ అమ్మాయి పేరు విక్టోరియా. తాడేపల్లిగూడెం స్టేషన్ మాస్టరు కృపావరంగారి కూతురు, ఈ మధ్యే టీచర్ ట్రైనింగ్ ముగించింది. పక్కనున్నావిడ తల్లి పుష్పమ్మ. వెనక స్టూలు మీద కూర్చుని తాటాకు విసనకర్ర ఊపుకుంటున్న ముసలావిడ నాయనమ్మ శేషారత్నమ్మ.

సంగతంతా పుష్పమ్మ చెప్పింది. "మా తమ్ముడు పాపారావు ఎక్కడో ఉత్తరాదిని, రావల్పిండిలో ఉన్నాడు బాబూ. అక్కడ కొండల మీద దొరలు కాళ్ళకి చెక్కలు కట్టుకుని మంచు మీద జారతారంట. స్కీయింగు అంటారంట. జనవరిలో మమ్మల్నీ రమ్మన్నాడు. రైలుకి పాసుంది, దిగడానికి వాడి ఇల్లుంది. చెక్కలు కూడా వాడే ఎవరినో అడిగి ఇప్పిస్తాడంట. బట్టలు మాత్రం మనమే తెచ్చుకోవాలి. మద్రాసు షాపు వాళ్ళ కేటలాగులో ధరలు చూసి మా వారు మంచం ఎక్కేశారు."

"జారడానికి అంత దూరం ఎందుకండీ? కొల్లేటి గట్టు మీద చెక్కలు లేకుండానే జారతాంగా," అన్నాడు నిత్యానందం.

ముసలావిడ విసనకర్ర ఆపింది. "నాకు జారుళ్ళతో పని లేదు అబ్బాయ్. పాపాలు మంచులా తెల్లగా కడిగెయ్యమని అరవై ఏళ్ళుగా ప్రార్థన చేస్తున్నాను. ఆ తెలుపు ఎలా ఉంటుందో ఒక్కసారి కళ్ళారా చూడాలి. చూడని రంగు అడుక్కోవడం ఏం బావుంటుంది చెప్పు?"

నిత్యానందం నవ్వు ఆగిపోయింది. పెట్టెలు తెరిచాడు.

కృపావరంగారికి కోటు దొరికింది. పుష్పమ్మకు కోటుతోపాటు ఉన్ని పంట్లాం కూడా దొరికింది. "అమ్మో, నేను పంట్లామా!" అని ఆవిడ బుగ్గలు నొక్కుకుంది. "చీర కింద ఎవరికి కనపడుతుందండీ?" అని నిత్యానందం ధైర్యం చెప్పాడు. శేషారత్నమ్మ పాదాల దాకా దిగే కోటు ఒకటి తొడుక్కుని, ఆ ఉడుకులోనే, విప్పనంటే విప్పనని కూర్చుంది.

చిక్కంతా విక్టోరియాతోనే.

మొదటి కోటు వదులు. రెండోది కలరా ఉండల కంపు. మూడోదానికి మగవాళ్ళ గుండీలు. చెవులు మూసే టోపీ తీసిస్తే అదీ వద్దంది.

"ఇది పెట్టుకుంటే మీ మాటలు వినపడవు మాస్టారూ."

"మీకు అది సుఖమేగదండీ?"

"కాదు గనకే వద్దన్నాను," అని ఆమె గిరుక్కున తిరిగిపోయింది. ఆ మాటకు అర్థమేమిటో డ్రిల్లు మాస్టరు బుర్రకు ఎక్కలేదు.

తరవాత రెండు వారాల్లో ఆమె నాయనమ్మను వెంటబెట్టుకుని రైల్లో మూడుసార్లు వచ్చింది. వచ్చినప్పుడల్లా పెట్టెలన్నీ తిరగేయించింది, ప్రతి కోటుకూ వంక పెట్టింది, గంటసేపు అతనితో వాదించి చక్కా పోయింది. ఇంత పొగరా అని నిత్యానందానికి ఒళ్ళు మండేది. ఆమె రాని రోజున మాత్రం ఆ గదిలోకి వెళ్ళబుద్ధి అయ్యేది కాదు. పాపం, ప్రేమలో పడ్డానని అతనికి అప్పటికే తెలిసిపోయింది. తెలిసి చేసేదేముంది? ఆమె స్టేషన్ మాస్టరుగారి కూతురు, తను పాతకోట్ల కాపలాదారు. ఆమెకు నచ్చిన కోటు ఒక్కటి దొరికితే చాలు, ఆ మొహంలో మెచ్చుకోలు చూస్తే చాలు అనుకున్నాడు.

ఈలోగా కృపావరంగారు తేల్చి చెప్పేశారు. నెలాఖరులోగా నలుగురికీ బట్టలు అమరితేనే ప్రయాణం. ఒక్కరికి లేకపోయినా ఎవరూ కదిలేది లేదు.

అప్పుడు నిత్యానందానికి ఠక్కున గుర్తొచ్చింది. కిందటేడు కోతపండుగకు చర్చిలో గుమ్మడికాయలతోపాటు ఒక నీలం కోటు కూడా వేలం వేశారు. పెదపాడు జోగారావు పాడుకున్నాడు.

"దొరికిందండీ! మీ కోసమే కుట్టినట్టుంటుంది," అని ఎగిరి గంతేసినంత పని చేశాడు.

విక్టోరియా మొహం మాడిపోయింది. "ఓహో," అంది, అంతే.

మర్నాడు ఎడ్లబండి మాట్లాడుకుని ముగ్గురూ బయలుదేరారు. కాపలాకు వచ్చిన శేషారత్నమ్మ ఊరు దాటకముందే ఒరిగిపోయి గుర్రు పెట్టడం మొదలుపెట్టింది.

బండి పక్కన నడుస్తున్న నిత్యానందం ఇక ఉండబట్టలేకపోయాడు. "అడుగుతున్నానని ఏమీ అనుకోకండి. నా కోట్లంటే మీకెందుకండీ అంత కోపం?"

"కోట్ల మీద కాదు. మీకు కళ్ళున్నాయా మాస్టారూ?"

"ఉన్నాయండి."

"మరి ఏం లాభం? రావల్పిండిలో మా మావయ్య ఆఫీసులోనే ఒక గుమాస్తా ఉన్నాడు. మేం మంచు చూడ్డానికి వెళ్తున్నాం, ఆయన నన్ను చూడ్డానికి వస్తున్నాడు. పెళ్ళిచూపులు! నచ్చితే అక్కడే ఖాయం చేసేస్తారు. నాకు కోటు దొరక్కపోతే ప్రయాణం లేదు, చూపులూ లేవు."

నిత్యానందం నడక ఆగిపోయింది. బండి కాస్త ముందుకు పోయింది. పరిగెత్తి అందుకున్నాడు.

"ఆ మాట మొదటే చెప్పొచ్చుగదండీ!"

"ఏమని చెప్పను? మీరు పెట్టెలు తిరగేస్తుంటే బావుంటుంది, ఇంకో నాలుగు నెలలు తిరగెయ్యండి అని చెప్పనా?" అని తల తిప్పేసుకుంది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. నాయనమ్మ గుర్రు ఒక్క క్షణం ఆగి మళ్ళీ సాగింది.

పెదపాడు పొలాల్లో పండిన వరి మధ్య, చేతులు బార్లా చాపి నిలబడి ఉంది నీలం కోటు. లోపల గడ్డి, పైన కుండ. జోగారావు గర్వంగా చూపించాడు.

"ఈ కోటు తొడిగినకాణ్ణించీ కొల్లేటి బాతు ఒక్కటి వాల్లేదండీ. కలెక్టరు దొర అనుకుంటున్నాయి కాబోలు. ఇమ్మంటే ఇస్తానండీ, కానీ బదులు ఇంకో కోటు ఇవ్వాల. చొక్కాలకి భయపడవండీ అవి."

నిత్యానందానికి ఉన్న కోటు ఒక్కటే. ఆదివారాలూ ఇన్‌స్పెక్టరు వచ్చే రోజులూ తప్ప దాన్ని బయటికి తీసేవాడు కాదు. ఇవాళ ఎందుకు వేసుకొచ్చాడో మనకు తెలుసు.

గట్టు మీద నిలబడి ఆలోచించాడు. 'ఇవ్వనన్నాడండి' అని ఒక్క ముక్క చెబితే చాలు. కోటు లేదు, రావల్పిండి లేదు, గుమాస్తా లేడు. గుండె ఆ ముక్కే చెప్పమంటోంది. దూరంగా బండిలో, నెరిసిన ముడి మీద కొంగు కప్పుకుని పడుకున్న ముసలావిడ కనిపించింది. తన కోటు విప్పి జోగారావు చేతికిచ్చాడు.

నీలం కోటు దులిపి తెచ్చేసరికి విక్టోరియా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నన్ను పంపించేస్తున్నారన్నమాట."

"మామ్మగారిని పంపిస్తున్నానండి. అరవై ఏళ్ళ ప్రార్థన. నా స్వార్థం కోసం దానికి అడ్డుపడలేను."

"మరి నేను?"

"మీరు..." కోటు మీది గడ్డిపరక ఒకటి ఏరి పారేశాడు. "మీరు ఆ గుమాస్తాకి నచ్చకుండా తిరిగి రావాలండి. వస్తే మీ నాన్నగారిని నేనే అడుగుతాను. మిమ్మల్ని చూడకుండా ఉండడం నా వల్ల కావడం లేదు."

బండిలోంచి దగ్గు వినిపించింది.

"ఆ నాలుగు మాటలకి ఇంతసేపా అబ్బాయ్?" అంటూ శేషారత్నమ్మ లేచి కూర్చుంది. "దొంగ గుర్రు పెట్టలేక నా గొంతు ఎండిపోయింది."

ఆ సాయంత్రమే తాడేపల్లిగూడెం స్టేషన్లో కృపావరంగారు తల పట్టుకున్నారు. "పాపారావుకి ఏమని చెప్పనమ్మా? అక్కడ అబ్బాయిని రమ్మని చెప్పేశాడు."

"మంచు ఆ అబ్బాయి సొత్తా, వాణ్ణి చేసుకోకపోతే చూడనివ్వడా?" అంది శేషారత్నమ్మ. "చూపులు వద్దని టెలిగ్రాం కొట్టు. ఈ మాస్టారు ఒంటిమీది కోటు నా కోసం గడ్డిబొమ్మకి తొడిగాడు. అంతకంటే మంచి సంబంధం రావల్పిండిలో ఉంటే నువ్వు చేసుకో."

కృపావరంగారు నిత్యానందాన్ని ఎగాదిగా చూసి, చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నారు. పుష్పమ్మ కాఫీ తెచ్చింది. పెళ్ళి ఈస్టరు పండుగ దాటాక అనుకున్నారు.

జనవరిలో నలుగురూ రైలెక్కారు. పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు చర్చిలో ప్రకటన చదవాలి, పాదిరిగారు ఆ పని అప్పుడే మొదలెట్టేశారు గనక నిత్యానందం ఒక్కడే కూర్చుని వినాల్సి వచ్చింది. "అభ్యంతరం ఉన్నవారు ఇప్పుడే చెప్పవలెను," అని పాదిరిగారు చదివినప్పుడల్లా, రావల్పిండి నుంచి ఎవరైనా వచ్చి లేస్తారేమోనని అతను గుమ్మం వైపు చూసేవాడు.

రెండు వారాలు ఎవరూ లేవలేదు.

మూడో ఆదివారం, "ఉందయ్యా! నాకుంది అభ్యంతరం!" అని గుమ్మం దగ్గరనుంచి కేక వినిపించింది.

చర్చి అంతా వెనక్కి తిరిగింది. రైలు దిగి సరాసరి వచ్చిన శేషారత్నమ్మ పాదాల దాకా కోటుతో నిలబడి ఉంది. మంచు మీది ఎండకు కమిలి ముక్కు మీద తోలు ఊడి ఉంది. నిత్యానందం దిగ్గున లేచి నిలబడ్డాడు.

"పెళ్ళి ఈస్టరు తర్వాతట! మంచు చూసేశాను. ఆ తెలుపు నాకు సరిపోయింది. ఇంక చూడాల్సింది వీళ్ళ పెళ్ళొక్కటే. నా వయసుకి ఈస్టరు చాలా దూరం బాబూ. ఈస్టరు ముందు ఉపవాస దినాలొస్తే పెళ్ళిళ్ళుండవు, అవి రాకముందే కానిచ్చెయ్యండి."

పాదిరిగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, వచ్చే నెల మొదటి బుధవారం తనకు ఖాళీయేనన్నారు.

నాయనమ్మ వెనకనుంచి విక్టోరియా తొంగి చూసింది. నాయనమ్మకిలాగే తోలు ఊడిన ఆమె ముక్కును, కొంగు అడ్డం పెట్టుకున్నా దాగని ఆ నవ్వును చూడగానే, ముసలావిడకు ఈ అభ్యంతరం నేర్పిందెవరో నిత్యానందానికి తెలిసిపోయింది.