నలభై డిగ్రీల అబద్ధం

మూడోరోజు కూడా తాళం ఇలా తిప్పగానే కారు అలా స్టార్టయింది. పుట్టి బుద్ధెరిగాక ఒక్కనాడూ మొరాయించనట్టు, నంగనాచిలా గుర్రుమంటూ నిలబడింది.

"ఏంటి మాస్టారూ, ఇదేనా పొద్దున్నే స్టార్టవని కారు?" అంది మెకానిక్ అమ్మాయి.

"మీరు రాకపోతే స్టార్టవదండీ," అన్నాడు లెక్కల మాస్టారు. అన్నాక గానీ ఆ మాట ఎలా వినిపించిందో అతనికి తెలియలేదు. చెవులు ఎర్రబడ్డాయి.

ఆమెకు నవ్వు రాలేదు. నవ్వే పరిస్థితి కూడా కాదు పాపం. ఊళ్ళో కార్లు బాగుచేసే పెద్ద మేస్త్రి అంటే వాళ్ళ నాన్నే. రెండేళ్ళు పక్కన ఉంచుకుని పని నేర్పి, మొదటిసారి ఒక కారును పూర్తిగా కూతురి చేతిలో పెట్టాడు. "చలికి వచ్చే జబ్బును చల్లగా ఉన్నప్పుడే పట్టుకోవాలి. పొద్దున్నే వాళ్ళింటికి వెళ్ళి చూడు. నాలుగు రోజులు టైమిస్తున్నా. దొరికితే షెడ్డులో బండ్లెక్కించే రెండో ర్యాంపు నీది. దొరక్కపోతే మళ్ళీ ఫోన్లు ఎత్తుకుంటూ కూర్చో," అన్నాడు. ఆయన అన్నాడంటే అన్నట్టే.

అందుకే ఇవాళ తాళం తిప్పకముందే ఆమె ఇంజన్ లోపలి సంగతులు చూపించే స్కానర్ తగిలించి చూసింది. కారు అద్దాల మీద మంచు గడ్డకట్టి ఉంది. రాత్రంతా ఆ చలిలో పడి ఉన్న ఇంజన్ వేడి మాత్రం నలభై డిగ్రీలని చూపించింది. అనుమానం వచ్చి బానెట్ మీద చెయ్యి వేస్తే గోరువెచ్చగా తగిలింది.

"నేను రాకముందే కాసేపు నడిపారు కదూ," అంది సూటిగా.

"లేదండీ. ఇప్పుడే లేచాను. చూడండి, స్వెట్టర్ కూడా తిరగేసి వేసుకున్నాను."

"స్వెట్టర్ సాక్ష్యం చెల్లదు. మెషీన్ అబద్ధం చెప్పదు మాస్టారూ, మనుషులే చెప్తారు. అమ్మాయి మెకానిక్ అనేసరికి ఏదో వంకతో పిలిపించుకునేవాళ్ళని చాలామందిని చూశాను."

"కారు విషయంలో నేను అబద్ధం ఆడలేదండీ," అన్నాడు. "రేపు కూడా మీరు రావాలని మాత్రం ఉంది. అదీ నిజమే."

నిజాయితీకైనా ఒక వేళాపాళా ఉండాలి కదా. ఆమె టూల్‌బాక్స్ ఠపీమని మూసి వెళ్ళిపోయింది. దారంతా కోపమే. అందులో సగం అతని మీద. మిగతా సగం తన మీదే, ఆ రెండో మాట చెవికి అంత ఇంపుగా తగిలినందుకు.

నాలుగోరోజు వచ్చింది. ఇదే ఆఖరు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం ఆ పిల్ల. మాస్టారు ఇంజన్ నడుపుతుండగా రెడ్‌హ్యాండెడ్‌గా పట్టుకోవాలని గంట ముందే వచ్చి, గేటు పక్క పొదల వెనక నక్కింది.

వంటింట్లో లైటు వెలిగింది. తలుపు కిర్రుమంది. బయటికొచ్చింది మాస్టారు కాదు, వాళ్ళ నాయనమ్మ. రెండు చంకల్లో రెండు వేడినీళ్ళ సంచులు, భుజం మీద పాత దుప్పటి. అలవాటైన చేతులతో బానెట్ ఎత్తబోయింది.

"ఆగండి నాయనమ్మగారూ," అంటూ అమ్మాయి పొదల్లోంచి లేచింది. "ఏం చేస్తున్నారు మీరు?"

పెద్దావిడ ఏ మాత్రం బెదరలేదు. "కనిపించట్లా? ఇంజన్‌కి కాపడం పెడుతున్నా. చలికాలంలో మా ఆయన ఇలాగే చేసేవాడు."

"మూడు రోజులూ మీరేనా?"

"మరి? ఆడపిల్లవి ఇంత చలిలో పడి వస్తుంటే, నీ ముందు మా కారు మొండికేస్తే మా పరువేం కాను? నువ్వొచ్చే అలికిడికి అన్నీ తీసేసేదాన్ని."

"మరి మీ మనవడి కోసం రోజూ ఎందుకు పెట్టలేదు?"

"వాడిదేముంది, కాళ్ళున్నాయి, నడిచి పోతాడు. నువ్వంటే బయటి పిల్లవి."

ఆమె నవ్వు ఆపుకోలేక టూల్‌బాక్స్ మీద కూలబడింది. తర్వాత కారెక్కి తాళం తిప్పింది. కర్ర్, కర్ర్ మని మూలిగి కారు ఊరుకుంది. మళ్ళీ తిప్పినా అంతే. కారు స్టార్టవనందుకు అంత సంబరపడిన మెకానిక్ ఆ ఊళ్ళో మరొకరు ఉండరు.

ఆ చప్పుడుకి మాస్టారు పరిగెత్తుకొచ్చాడు. స్వెట్టర్ ఇవాళ కూడా తిరగబడే ఉంది.

ఆమె స్కానర్ తగిలించింది. బానెట్ ముట్టుకుంటే వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. స్కానర్‌లో మాత్రం అదే నలభై. ఆమె దాన్ని చూసింది, మాస్టారుని చూసింది. నిన్న అతన్ని అన్న మాటలన్నీ గుర్తొచ్చాయి.

"వేడి కొలిచే సెన్సర్ పోయిందండీ," అంది మెల్లగా. "మంచులో ఉన్నా వెచ్చగానే ఉన్నానని చెప్తోంది. అది నమ్మి ఇంజన్ చలికి సరిపడా పెట్రోలు తీసుకోవట్లేదు."

"అంటే అబద్ధం చెప్పింది మెషీనా?"

"అవును. దాన్ని నమ్మి మిమ్మల్ని అబద్ధాలకోరన్నాను. తప్పు నాదే. మనసులో పెట్టుకోకండి."

విడిభాగాల డబ్బాలోంచి వేలెడంత సెన్సర్ తీసి మార్చింది. తాళం తిప్పితే ఏ కాపడమూ లేకుండానే కారు అందుకుంది. సరిగ్గా అప్పుడే, గడువు ఆఖరిరోజు కదా అని పెద్ద మేస్త్రి వచ్చాడు. బానెట్ మీద చెయ్యి పెట్టి చలి చూశాడు, చెవి ఒగ్గి ఇంజన్ విన్నాడు. కూతురు జరిగిందంతా చెప్పింది.

"రెండో ర్యాంపు నీదేనమ్మా," అన్నాడు. ఆ గొంతులో గర్వం దాగలేదు. "సామాను సర్దు, వెళ్దాం."

ఆమె ఒక్కో స్పానర్‌నూ తీరిగ్గా తుడుస్తూ కూర్చుంది.

"నిన్న నేను రెండు మాటలు చెప్పానండీ," అన్నాడు మాస్టారు పక్కకొచ్చి. "ఒకటి నిజమని తేల్చారు."

"రెండోది కూడా చెక్ చేశాను."

"ఎప్పుడు?"

"నిన్న ఇంటికెళ్తూ, దారంతా. నాక్కూడా మళ్ళీ రావాలనే ఉంది మాస్టారూ."

నాయనమ్మ మిగిలిపోయిన వేడినీళ్ళ సంచిని మేస్త్రి చేతిలో పెట్టి, "చలిగా ఉంది, చేతులు కాచుకోండి," అంది. ఆయన దాన్ని పట్టుకుని, ఎటో చూస్తూ గొంతు సవరించుకున్నాడు.

"చలికి బాగుచేసిన బండిని మర్నాడు పొద్దున కూడా వచ్చి చూసుకోవాలి. అది మన షెడ్డు రూలు."

రెండేళ్ళలో అలాంటి రూలు ఒకటుందని ఆమె ఎన్నడూ వినలేదు.

"ఎన్నాళ్ళు చూడాలి నాన్నా?"

"నన్నడుగుతావేంటి? ఈ బండి నీ చేతిలో పెట్టాను," అన్నాడాయన. "నువ్వే చెప్పు."